0.35 పెద్దదా, 0.4 పెద్దదా? దశాంశ స్థానాలను పిల్లలకు అర్థం చేయించడం గురించి

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీ అమ్మాయి మహారాష్ట్రలోని సిరోంచలో మరాఠీ మాధ్యమంలో ఆరో తరగతి చదువుతోంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు. 0.35, 0.4లలో ఏది పెద్దదని అడిగితే 0.35 అంటోంది. ఎందుకంటే "నాలుగు కన్నా ముప్పై ఐదు పెద్దదే కదా" అని జవాబు. 2.5ను పదితో గుణించమంటే 2.50 అని రాస్తోంది. 2.5కు 0.75 కలిపితే 2.80 అంటోంది. కానీ స్థానాల పట్టిక మాత్రం తడుముకోకుండా అప్పజెబుతోంది. ట్యూషన్ పెట్టించాలా, ఇంట్లో మీరే తెలుగులో చెబితే బడిలో మరాఠీతో కలగాపులగం అవుతుందా అని మీ సందేహం.

నేను ఈ తాలూకాలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అన్న పిల్లలే నా తరగతుల్లో ఎక్కువగా ఉండేవారు. వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి. ఈ విషయం ఒకసారి కుదురుకుంటే శాతాలు, వడ్డీ లెక్కలు, కొలతలు, పై తరగతుల్లో సైన్సు లెక్కలు అన్నీ దీని మీదే నిలబడతాయి. కుదరకపోతే పిల్లలు పదో తరగతి వరకూ గుడ్డిగా సూత్రాలు పట్టుకుని వెళ్తారు.

మీరు చెప్పినవి మూడు తప్పులు కావు, ఒకే తప్పు. మీ అమ్మాయి దృష్టిలో ఆ చుక్క ఒక గోడ. గోడకు ఎడమన ఒక సంఖ్య, కుడిన ఇంకో సంఖ్య, రెండూ మామూలు పూర్ణసంఖ్యలే. ఇలా అనుకుని ఆమె జవాబులను మళ్ళీ చూడండి. 0.35లో గోడకు అవతల 35 ఉంది, 0.4లో అవతల 4 ఉంది, కాబట్టి మొదటిది పెద్దది. పదితో గుణించాలంటే చివర సున్న చేర్చాలని చిన్న తరగతుల్లో నేర్చుకుంది, కాబట్టి 2.50. కూడికలో గోడకు ఇవతల 2, 0 కలిస్తే 2, అవతల 5, 75 కలిస్తే 80, కాబట్టి 2.80. ఆమె నిర్లక్ష్యంగా చేయడం లేదు. ఒక నియమం పెట్టుకుని, దాన్ని తప్పకుండా పాటిస్తోంది. ఆ నియమమే తప్పు. అందుకే "జాగ్రత్తగా చెయ్యి" అని ఎన్నిసార్లు చెప్పినా ఫలితం ఉండదు. ఇంకో యాభై లెక్కలు చేయించినా ఆ నియమమే మరింత గట్టిపడుతుంది.

పట్టిక అప్పజెప్పడం వేరు, స్థానాల పరిమాణం తెలియడం వేరు. దశాంశం, శతాంశం, సహస్రాంశం అన్నవి ఆమెకు ఇప్పటికి వారాల పేర్ల లాంటి వరుస. వాటిలో ఒకటి ఇంకోదానికి ఎన్ని రెట్లో ఆమె చేతికీ కంటికీ ఇంకా తెలియదు.

ఈ గోడను ఆమె తనంతట తాను ఊహించుకోలేదు. మన చుట్టూ చుక్కను నిజంగానే గోడలా వాడే చోట్లు చాలా ఉన్నాయి. దశాంశ చుక్క కన్నా ముందు పిల్లలు చూసేది వాటినే. ఇది పెద్దవాళ్లు గమనించకపోవడమే అసలు చిక్కు అని నా గట్టి అభిప్రాయం.

క్రికెట్ చూడండి. 4.3 ఓవర్లు అంటే నాలుగు ఓవర్లు, మూడు బంతులు. ఓవరుకు ఆరు బంతులు కాబట్టి అది నాలుగున్నర ఓవర్లు, అంటే దశాంశాల్లో 4.5. స్కోరుబోర్డు మీద 4.5 అంటే మాత్రం నాలుగు ఓవర్లు, ఐదు బంతులు; ఇంకో బంతి వేస్తే 5.0 అవుతుంది. నాలుగు ఓవర్ల మూడు బంతుల్లో 45 పరుగులు వస్తే ఓవరుకు సరిగ్గా 10 పరుగులు. ఆ 4.3ను దశాంశమని పొరబడి భాగిస్తే 10.47 వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో అభ్యాసాల అంకెలు ఉంటాయి: 3.9 తర్వాత 3.10. దశాంశంగా చూస్తే 3.10 అంటే 3.1, అది 3.9 కన్నా చిన్నది. గడియారంలో రెండున్నరను 2.30 అని రాస్తాం.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైనది భూమి లెక్క. ప్రాణహిత నదికి ఇటు భూమి, అటు తెలంగాణలో భూమి ఉన్న కుటుంబాలు మన దగ్గర తక్కువేమీ కావు. తెలంగాణలో ఎకరాలు, గుంటల్లో రాస్తారు. అక్కడ 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. 2.39 తర్వాత 3.00 వస్తుంది. మన వైపు సాత్‌బారాలో, అంటే మహారాష్ట్ర భూమి రికార్డులో, హెక్టార్లు, ఆర్‌లలో రాస్తారు. హెక్టారుకు వంద ఆర్‌లు కాబట్టి ఇక్కడి 2.20 నిజమైన దశాంశమే, 2.2 హెక్టార్లు. అంటే సుమారు 5.44 ఎకరాలు. ఒకే అంకెలు, అదే చుక్క, కానీ ఒక భూమి ఇంకోదానికి రెట్టింపుకు పైనే. నదికి ఒక ఒడ్డున చుక్క గోడ, ఇంకో ఒడ్డున అది దశాంశం. పెద్దలకు అలవాటు మీద ఏది ఏదో తెలుస్తుంది. పిల్లకు ఎవరు చెప్పారు?

డబ్బు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో దశాంశాలు నేర్పబోయేవారు మొదట పట్టుకునేది దాన్నే. రూపాయికి వంద పైసలు కాబట్టి సులువని అనుకుంటారు. 1957 ఏప్రిల్ 1న పదహారు అణాల రూపాయి పోయి వంద నయా పైసల రూపాయి వచ్చినప్పుడు, ఆ తరం వాళ్లు చిల్లర నాణేలు చేతిలో పట్టుకుని, మార్చుకుని, లెక్కపెట్టుకుని నేర్చుకున్నారు. 25 పైసలూ అంతకన్నా చిన్న నాణేలూ 2011 జూన్ 30తో చెలామణీ నుంచి పోయాయి. మీ అమ్మాయి ఒక పైసాను ఎప్పుడూ చేత్తో పట్టుకుని ఉండదు. రూపాయిలో వందో వంతు ఎంతో ఆమెకు అనుభవం లేదు. పైగా రూ. 12.50ని మనం పన్నెండు రూపాయల యాభై పైసలు అని చదువుతాం. రెండు పేర్లు, రెండు సంఖ్యలు, మధ్యలో మళ్ళీ గోడ. రూపాయిలో పదో వంతు అని ఎవరూ అనరు. మూడో స్థానం సంగతి డబ్బు అసలు చెప్పదు. కాబట్టి డబ్బుతో మొదలుపెట్టవద్దు. దశాంశాలు బాగా వచ్చిన తర్వాత డబ్బును వాటితో అర్థం చేసుకోవడం మంచి పని, దాన్ని మొదట్లో పెట్టకండి.

ఇప్పుడు సరైన భావన. దశాంశ సంఖ్యకు కేంద్రం చుక్క కాదు, ఒకట్ల స్థానం. చుక్క చేసే పని ఒక్కటే: ఒకట్లు ఏ అంకె దగ్గర ఉన్నాయో చూపడం. తన ఎడమన ఉన్నది ఒకట్ల అంకె అని చెబుతుంది, అంతకు మించి దానికి ఏ పనీ లేదు.

444.44 అని రాసి చూపండి. ఎడమ నుంచి వస్తే మొదటి నాలుగు విలువ నాలుగు వందలు. దాని పక్కది అందులో పదో వంతు, నాలుగు పదులు. దాని పక్కది మళ్ళీ పదో వంతు, నాలుగు ఒకట్లు. ఇంతవరకు ఆమెకు తెలుసు. ఇక్కడ ఆగాల్సిన కారణం ఏమీ లేదు. ఇంకో అడుగు కుడికి వేస్తే ఒకటిలో పదో వంతులు నాలుగు, ఇంకో అడుగు వేస్తే వందో వంతులు నాలుగు. చుక్క దాటినప్పుడు నియమం మారలేదు. కుడికి జరిగే కొద్దీ పదో వంతు అవుతూ వచ్చింది, అలాగే కొనసాగింది. ఒకట్ల నుంచి చూస్తే ఒక అడుగు ఎడమకు పదులు, ఒక అడుగు కుడికి పదో వంతులు. రెండడుగులు ఎడమకు వందలు, రెండడుగులు కుడికి వందో వంతులు. చుక్కను కేంద్రం అనుకునే పిల్లలు ఒక మంచి ప్రశ్న అడుగుతారు: ఎడమన మొదట ఒకట్లు ఉన్నప్పుడు కుడిన మొదట ఒకటో వంతులు ఉండాలి కదా, అవేవి అని. ఆ ప్రశ్న వస్తే సంతోషించండి. ఆ పిల్ల ఆలోచిస్తోంది. కొలవడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో మాత్రం చూపించాలి.

ఒక స్థానం నుంచి పక్క స్థానానికి పది రెట్లు అన్న నియమాన్ని ఆర్యభటుడు 499 ప్రాంతంలోనే చెప్పాడు. అదే నియమాన్ని ఒకట్లకు కుడివైపు కూడా నడిపించడానికి మాత్రం లోకానికి శతాబ్దాలు పట్టింది. 952 ప్రాంతంలో డమాస్కస్‌లో అల్ ఉక్లీదీసీ అనే గణితవేత్త రాతల్లో దశాంశ భిన్నాలు కనిపిస్తాయి. యూరప్‌లో వాటిని అందరికీ అర్థమయ్యేలా చెప్పినవాడు సైమన్ స్టెవిన్, 1585లో. ఆయన చుక్క పెట్టలేదు. ప్రతి అంకె పక్కన ఒక చిన్న వలయం గీసి, అందులో ఆ స్థానం సంఖ్య రాశాడు. ఒకట్ల అంకె పక్కన వలయంలో 0, పదో వంతుల పక్కన 1, వందో వంతుల పక్కన 2. అంటే ఆయన లెక్కలో మొదలు ఒకట్లే, అక్కడి నుంచి కుడికి ఎన్ని అడుగులో చెప్పేదే వలయంలోని అంకె. రాయడానికి బరువుగా ఉందని ఆ పద్ధతి నిలవలేదు. కానీ నేర్పడానికి అంత మంచిది ఇంకోటి లేదని నేను అనుకుంటాను. కొన్ని రోజులు మీ అమ్మాయి చేత అలాగే రాయించండి. 0.35 రాసినప్పుడు 3 మీద చిన్నగా 1, 5 మీద చిన్నగా 2 వేయమనండి. ముప్పై ఐదు అని ఒక్క ముద్దగా చదవడం దానంతట అదే ఆగిపోతుంది.

చదవడం గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఇంట్లో ఎవరూ "సున్న పాయింట్ ముప్పై ఐదు" అనవద్దు. "సున్న పాయింట్ మూడు ఐదు" అనండి. ఇంకా మంచిది "మూడు పదో వంతులు, ఐదు వందో వంతులు" అనడం. చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ గోడ కట్టడంలో సగం పని మన నోటితోనే జరుగుతుంది.

ఇంట్లో చేయవలసిన పని ఇది. పాత క్యాలెండర్ కాగితాలు అతికించి సరిగ్గా ఒక మీటరు పొడవు పట్టీ చేయండి. దాని మీద ఏ అంకెలూ వద్దు. దాన్ని "ఒకటి" అనండి. స్కేలుతో పది సమాన భాగాలు గుర్తుపెట్టించండి. ఒక్కో భాగం ఒక పదో వంతు. అలాంటి పట్టీలు మూడు నాలుగు ఉంటే మంచిది. ఇక ఇంట్లో కనిపించిన ప్రతిదాన్నీ దాంతో కొలిపించండి: తలుపు వెడల్పు, మంచం పొడవు, గుమ్మం ఎత్తు. తలుపు ఎనిమిది పదో వంతులు, అంటే 0.8. మంచం ఒక పట్టీ నిండా పోయి ఇంకో పట్టీలో తొమ్మిది పదో వంతులు, అంటే 1.9. దగ్గరలో ఉన్న గీత దగ్గర ఆపితే చాలు, ఖచ్చితత్వం ఇప్పుడు అవసరం లేదు.

ఈ దశలో వందో వంతుల ఊసే ఎత్తకండి. పదో వంతు ఒక్కటే కొన్ని రోజులు నడవాలి. చాలా పుస్తకాలు, చాలామంది ఉపాధ్యాయులు ఒక్క పాఠంలో పదో వంతు, వందో వంతు రెండూ దాటేస్తారు. పిల్లల కష్టాలకు ఆ తొందరే పెద్ద కారణం. పదో వంతుల్లో నోటి లెక్క బాగా రావాలి. 0.7, 0.8, 0.9 అని లెక్కపెట్టిస్తూ అక్కడ ఆగి, తర్వాత ఏమిటని అడగండి. 0.10 అంటే ఆశ్చర్యపోకండి, పుస్తకంలో 3.9 తర్వాత 3.10 చూసిన పిల్ల అలాగే అంటుంది. పట్టీ మీద వేలు పెట్టి చూడమనండి. తొమ్మిదో గీత తర్వాత పట్టీ అయిపోతుంది. పది పదో వంతులు కలిస్తే ఒకటి. 9 తర్వాత 10 రాసేటప్పుడు ఒకట్ల ఇల్లు నిండి పదుల్లోకి వెళ్లినట్టే, ఇక్కడ పదో వంతుల ఇల్లు నిండి ఒకట్లలోకి వెళ్లింది. 23 పదో వంతులు ఎంత అంటే 2.3 అని తడుముకోకుండా చెప్పగలగాలి. అది వచ్చేవరకు ముందుకు కదలవద్దు.

తర్వాత ఒక పదో వంతు ముక్కను కత్తిరించి, దాన్ని మళ్ళీ పది భాగాలు చేయించండి. అలాంటి చిన్న ముక్కలు మొత్తం పట్టీకి ఎన్ని పడతాయో ఆమెనే చెప్పనివ్వండి. వంద. కాబట్టి ఒక్కోటి వందో వంతు. ఇక్కడ ఒక జాగ్రత్త: ఆ చిన్న ముక్క ఒక సెంటీమీటరే అని మీకు తెలుసు, ఆమెకూ తెలిసిపోతుంది. కానీ ఇప్పుడే సెంటీమీటరు అనకండి. మీటర్లు, సెంటీమీటర్లు అని రెండు పేర్లు వస్తే రూపాయలు, పైసల కథ మళ్ళీ మొదలవుతుంది. ఒకే వస్తువు ఉంది, ఒక మీటరు పట్టీ. మిగిలినవన్నీ దాని వంతులే.

ఇప్పుడు 0.35నూ 0.4నూ పక్కపక్కన పేర్పించండి. ఒక వరుసలో మూడు పెద్ద ముక్కలు, ఐదు చిన్న ముక్కలు. ఇంకో వరుసలో నాలుగు పెద్ద ముక్కలు. ఏది పొడవో మీరు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: మూడు పెద్ద ముక్కల పక్కన ఎన్ని చిన్న ముక్కలు పెడితే నాలుగో పెద్ద ముక్కతో సమానం అవుతుంది? పది. అంటే తొమ్మిది చిన్న ముక్కలు పెట్టినా, 0.39 అయినా, 0.4 కన్నా చిన్నదే. అందుకే పోల్చేటప్పుడు ఎడమ నుంచి మొదలుపెడతాం. ఎడమ స్థానంలో ఒక్కటి ఎక్కువ ఉంటే కుడిన ఎన్ని అంకెలున్నా దాన్ని దాటలేవు. ఇది పూర్ణసంఖ్యల్లోనూ నిజమే, 400 ముందు 399 చిన్నదే.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ట్యూషన్‌లో మొదట ఇదే నేర్పుతారు. 0.4 చివర సున్న చేర్చి 0.40 చేసి, 35తో 40ని పోల్చమంటారు. జవాబు సరిగ్గానే వస్తుంది. ఆ పద్ధతి తప్పు కాదు, నాలుగు పదో వంతులు నలభై వందో వంతులే. కానీ గోడ నమ్మకం ఉన్న పిల్లకు ఇది ముందే చెబితే, గోడ అవతల పూర్ణసంఖ్యలే ఉన్నాయన్న ఆమె నమ్మకం బలపడుతుంది. ఇప్పుడు జవాబు కూడా ఒప్పు వస్తుంది కాబట్టి ఆ నమ్మకం ఇక ఎవరి కంటా పడదు. పట్టీ మీద నాలుగు పెద్ద ముక్కలను నలభై చిన్న ముక్కలుగా మార్చి చూసిన తర్వాతే సున్న చేర్చనివ్వండి.

పదితో గుణించడానికి ఇంకో పని చేయండి. ఒక కాగితం మీద వందలు, పదులు, ఒకట్లు, పదో వంతులు, వందో వంతులు అని నిలువు గళ్లు గీసి, ఒకట్లకూ పదో వంతులకూ మధ్య చుక్క పెట్టేయండి. ఆ చుక్క ఎప్పటికీ కదలదు. అంకెలను చిన్న చీటీల మీద రాయండి. ఒకట్ల గడిలో 2, పదో వంతుల గడిలో 5 పెట్టించి, పది రెట్లు చేస్తే ఏమవుతుందో ఒక్కో చీటీని అడిగినట్టు అడగండి. రెండు ఒకట్లు పది రెట్లయితే రెండు పదులు, చీటీ ఒక గడి ఎడమకు. ఐదు పదో వంతులు పది రెట్లయితే యాభై పదో వంతులు, అంటే ఐదు ఒకట్లు, అదీ ఒక గడి ఎడమకు. 25 వచ్చింది. వంద రెట్లయితే రెండు గళ్లు జరగాలి. అప్పుడు ఒకట్ల గడి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని చూపడానికి సున్న పెడతాం, 250. సున్న చేర్చడం వల్ల సంఖ్య పెరగలేదు, అంకెలు జరగడం వల్ల పెరిగింది. పూర్ణసంఖ్యల్లో కూడా జరిగేది ఇదే, అక్కడ ఒకట్ల గడి ఎప్పుడూ ఖాళీ అవుతుంది కాబట్టి మనకు సున్న మాత్రమే కనిపించేది. చుక్కను జరపమని చెప్పే అలవాటు మన బడుల్లో ఉంది. లెక్క వేగంగా చేయడానికి అది పనికొస్తుంది. అర్థం చేసుకునే రోజుల్లో మాత్రం చుక్కను కదలనివ్వకండి.

పావు సంగతి వదిలేస్తే ఈ సమాధానం పూర్తి కాదు. మన ఇళ్లలో పావు, అర, ముప్పావు రోజూ వినిపించే మాటలు, మరాఠీలోనూ పావ్, అర్ధా, పావుణ్ ఉన్నాయి. కానీ అవి రెండుగా, నాలుగుగా చేసిన భాగాలు. దశాంశాలు పదిగా చేసిన భాగాలు. నాలుగో వంతు కదా అని చాలామంది పిల్లలు పావును 0.4 అని రాస్తారు. సంతలో మిరపకాయలు తూచే ఎలక్ట్రానిక్ కాటా దగ్గర పావుకిలో తీసుకుని, తెర మీద 0.250 వచ్చినప్పుడు అదెలా వచ్చిందో అడగండి. పది పదో వంతులను నలుగురికి పంచితే ఒక్కొక్కరికి రెండు, ఇంకా రెండు మిగులుతాయి. మిగిలిన రెండు పదో వంతులను ఇరవై వందో వంతులుగా చేసి పంచితే ఒక్కొక్కరికి ఐదు. కాబట్టి 0.25. పావుకు రెండు స్థానాలు ఎందుకు కావాలో, అరకు ఒక్కటే ఎందుకు చాలుతుందో అప్పుడు తెలుస్తుంది. ముప్పావు తనంతట తానే చేస్తుంది. మూడో వంతు చేయమంటే పంచిన ప్రతిసారీ ఒకటి మిగులుతూనే ఉంటుంది, 0.333 అని ఎంతదూరం పోయినా తెగదు. ఇది చూసినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే ఆశ్చర్యం నాకు చాలా ఇష్టం. అందుకే తొందరపడి జవాబు చెప్పకండి, ఆమెనే పంచనివ్వండి.

కాటా తెర మీద చివరి సున్న గురించి కూడా అడుగుతుంది. 0.250లో వెయ్యో వంతులు ఏమీ లేవు, అయినా కాటా మూడో స్థానం వరకు చూడగలదు కాబట్టి అక్కడ సున్న చూపింది. చివరి సున్న బరువును మార్చదు, ఎంతవరకు చూసి కొలిచారో చెబుతుంది. మధ్యలో ఉన్న సున్న అలాంటిది కాదు. బంగారం కొట్టులో 8.5 గ్రాములకూ 8.05 గ్రాములకూ తేడా దాదాపు అర గ్రాము, సరిగ్గా 0.45 గ్రాములు. అర గ్రాము బంగారం ఎంత అవుతుందో ఇంట్లో ఎవరూ చెప్పక్కర్లేదు. అలాగే కాటా మీద 0.5 అంటే అరకిలో, 0.050 అంటే యాభై గ్రాములు.

వానాకాలం వస్తే మన ఊళ్లో అందరూ అడిగేది నీటిమట్టం. దాన్ని మీటర్లలో, దశాంశాల్లో చెబుతారు. ఉదాహరణకు పొద్దున 9.8 అనీ సాయంత్రం 9.75 అనీ చెబితే నది పెరిగిందా తగ్గిందా? గోడ నమ్మకం ఉన్నవారికి పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి 0.05 మీటరు, అంటే ఐదు సెంటీమీటర్లు తగ్గింది. ఇలాంటివి అడుగుతూ ఉండండి. ఇప్పుడు సెంటీమీటరు అనవచ్చు, ఎందుకంటే అప్పటికి వందో వంతు ఎంతో ఆమెకు తెలిసి ఉంటుంది.

ఆమె నిజంగా ఎక్కడుందో పట్టుకోవడానికి ప్రశ్నలు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త కావాలి. 0.62, 0.5లలో ఏది పెద్దదని అడిగితే తప్పు నియమం ఉన్నవారు కూడా ఒప్పు జవాబే చెబుతారు, పొడవైనదే ఇక్కడ పెద్దది కాబట్టి. అలాంటి ప్రశ్నలతో పది మార్కులు వచ్చినా నమ్మకండి. 4.63, 4.8 ఇవ్వండి. 3.07, 3.7 ఇవ్వండి. 0.5, 0.50 ఇచ్చి ఏది పెద్దదో అడగండి. 0.3కూ 0.4కూ మధ్య ఏదైనా సంఖ్య ఉందా, 0.35కూ 0.36కూ మధ్య ఉందా అని అడగండి. గోడ నమ్మేవారు లేదంటారు, మూడుకూ నాలుగుకూ మధ్య పూర్ణసంఖ్య లేదు కదా. స్థానాలు అర్థమైనవారు 0.352 అనో ఇంకోటనో చెప్పి, అలా ఎన్నైనా చెప్పవచ్చని తామే అంటారు. 4.45, 4.457 సమానం అంటే ఆ పిల్ల డబ్బు అలవాటులో రెండు స్థానాల దగ్గర ఆగిపోయిందని అర్థం.

నేర్పుతున్న మధ్యలో ఒక కొత్త తప్పు రావచ్చు. 0.45 కన్నా 0.3 పెద్దదని అనవచ్చు. వందో వంతులు చిన్నవి, పదో వంతులు పెద్దవి, కాబట్టి పదో వంతులతో ముగిసే సంఖ్యే పెద్దదని ఆమె వాదన. దీనికి కంగారుపడకండి, ఇది పాత తప్పు కన్నా మెరుగైన తప్పు. వంతుల పరిమాణం తెలిసింది, ఎన్ని ఉన్నాయన్నది మరిచిపోయింది. 0.45లో కూడా పదో వంతులు ఉన్నాయి, నాలుగున్నాయి, పట్టీ పేర్చి చూడమనండి. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

భాష గురించి మీ భయం అక్కర్లేదు. బడిలో ఏకక, దశక, దశాంశ, శతాంశ అని చెబుతారు. మీరు ఒకట్లు, పదులు, పదో వంతులు, వందో వంతులు అనండి. పుస్తకంలో అంకెలు దేవనాగరిలో ఉన్నా కాటా మీద వేరే ఆకారంలో ఉన్నా స్థానం మారదు, ఆ విషయం పిల్లలకు పెద్దలకన్నా త్వరగా తెలుస్తుంది. కొలిచేటప్పుడు, పంచేటప్పుడు ఆలోచన తెలుగులో సాగితే ఆమెకు మేలే. పరీక్షలో రాయాల్సిన మరాఠీ పదాలు ఆమెకు ఎలాగూ కంఠతా వచ్చు, వాటి వెనక పరిమాణం చేరడమే ఇప్పుడు కావలసింది. ప్రతి వారం చివర్లో ఆమె చేత పట్టీ మీద చూపిస్తూ మరాఠీలో మీకు పాఠం చెప్పించుకోండి.

ట్యూషన్ ఇప్పుడు వద్దని నా సలహా. ఇంకా ఎక్కువ లెక్కలు చేయించే ట్యూషన్ అయితే అది ఆమెకు అవసరమైన పనికి అడ్డు వస్తుంది. రోజుకు ఇరవై నిమిషాలు పట్టీతో, చీటీలతో మీరే కూర్చోండి. 0.9కి 0.1 కలిపితే 1 అని, 2.5కు 0.75 కలిపితే 3.25 అని కాగితం లేకుండా చెప్పి, ఎందుకో వివరించగలిగినప్పుడు దశాంశాల గుణకారం, భాగహారం మొదలుపెట్టవచ్చు. అప్పటివరకు బడిలో ఆ పాఠం ముందుకు వెళ్లిపోయినా ఇంట్లో మీరు తొందరపడకండి. వాళ్ల తరగతి ఉపాధ్యాయుడికి మీరు ఏం చేస్తున్నారో ఒకసారి చెప్పి ఉంచండి. సున్నలు చేర్చే పద్ధతి ఆయన ఇప్పటికే చెప్పి ఉంటే అమ్మాయిని వద్దనకండి, అలా ఎందుకు చేర్చవచ్చో ముక్కలతో చూపించమనండి. మూడో స్థానం దగ్గర మళ్ళీ తడబడితే రాయండి, వెయ్యో వంతులకు పట్టీ చాలదు, దానికి వేరే ఏర్పాటు చెబుతాను.